సదర్లండు సీమ: పార్లమెంటు ప్రాతినిధ్య చరిత్ర

స్కాట్లండు దేశపు ఉత్తరాగ్రమున సదర్లండు అను కౌంటీ కలదు. ఆ పేరునకు ‘దక్షిణ భూమి’ యని యర్థము. ఉత్తరపు కొననున్న సీమకు ఈ పేరేల వచ్చెనని పాఠకులకు సందేహము కలుగవచ్చును. ఆర్క్నీ దీవులలోను, కైత్‌నెస్‌లోను స్థిరపడిన నార్వే జాతివారు ఆ సీమ తమకు దక్షిణమున నుండుటచే అట్లు పిలిచిరి. చూచువాడు ఎచ్చట నిలిచి చూచుచున్నాడో దానిని బట్టి పేరు మారును. ‘ప్రజా ప్రతినిధి’ యను పేరును ఇట్టిదే. 1707వ సంవత్సరము మొదలు సదర్లండునకు బ్రిటిషు పార్లమెంటులో ఒక ప్రతినిధి యుండెను. అతడు ఎవరికి ప్రతినిధి యనునదే ఈ చరిత్రలోని అసలు ప్రశ్న.

1707లో ఇంగ్లండు, స్కాట్లండు రాజ్యములు ఏకమైనప్పుడు కామన్స్ సభలో స్కాట్లండునకు 45 స్థానము లీయబడెను. అందు 30 కౌంటీలకు, 15 పట్టణములకు. కౌంటీలు 33 గాన, 27 కౌంటీలకు ఒక్కొక్క స్థానము చొప్పున నిచ్చి, మిగిలిన ఆరు చిన్న కౌంటీలను మూడు జంటలుగా కూర్చిరి. జంటలోని రెండు కౌంటీలకును ఒకే స్థానము. ఒక పార్లమెంటునకు ఒకటి, మరుసటి పార్లమెంటునకు రెండవది ప్రతినిధిని పంపవలెను. సదర్లండునకు ఇట్టి వంతులు లేవు. దాని స్థానము దానిదే.

అయితే ఓటు హక్కు దున్నువానిది కాదు. వాస్తవముగా భూమి ననుభవించువానిది కూడ కాదు. రాజునుండి నేరుగా సంక్రమించిన భూస్వామ్యపు హక్కునకే ఓటు చెల్లుచుండెను. ఆ హక్కును భూమినుండి వేరుచేసి కాగితముపై తన మిత్రులకు పంచి, ఓటర్లను సృష్టించుకొనుట పెద్ద భూస్వాములకు పరిపాటి యయ్యెను. సదర్లండులో మరియొక విశేషము కలదు. సీమలో అధిక భాగము సదర్లండు ప్రభువంశమువారిదే యగుటచే, ఆ ప్రభువునకు లోబడి భూమి పొందిన వారికిని ఓటు కలదు. అట్టి ఓటరు తన ప్రభువు మాట కాదనుట యెట్లు?

1832నకు పూర్వము స్కాట్లండు మొత్తమున ఓటర్లు అయిదువేలకు లోపే. బ్యూట్ అను కౌంటీని గూర్చి 1831లో కామన్స్ సభలో ఒక వృత్తాంతము వినిపింపబడెను. అచ్చట ఒక ఎన్నికకు అధికారులు గాక ఒకే యొక్క ఓటరు హాజరయ్యెనట. అతడే అధ్యక్ష పీఠమెక్కి, ఓటర్ల పేర్లు పిలిచి, తన పేరునకు తానే పలికి, తన్ను తానే ప్రతిపాదించి, తానే బలపరచుకొని, ఏకగ్రీవముగా ఎన్నికయ్యెనట! సభవారు నవ్వియుందురు. కాని ఈ యేర్పాటు ఫలితము సదర్లండు ప్రజలకు నవ్వులాట కాలేదు.

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున సదర్లండు కౌంటెస్ ఎలిజబెత్, ఆమె భర్త స్టాఫర్డు ప్రభువు తమ ఎస్టేటును ‘అభివృద్ధి’ చేయ సంకల్పించిరి. లోయలలో తరతరములుగా పశువులను మేపుకొని, కొద్దిపాటి సేద్యము చేసికొని బ్రదుకుచున్న గేలిక్ భాషీయులైన కౌలురైతులను తొలగించి, ఆ భూములను పెద్ద గొఱ్ఱెల మందల యజమానులకు కౌలున కిచ్చిరి. 1814లోను, 1819లోను స్ట్రాత్‌నేవర్ లోయలో ఇండ్లు ఖాళీచేయించి కప్పులు తగులబెట్టిరి. ప్రజలను సముద్రతీరమునకు తరలించి, చిన్న చిన్న చెక్కల నిచ్చి, చేపలు పట్టి బ్రదుకుమనిరి. పలువురు సముద్రము దాటి కెనడాకు పోయిరి. ఈ తొలగింపులలో ప్రముఖుడైన పాట్రిక్ సెల్లర్‌పై 1816లో ఇన్వర్‌నెస్‌లో విచారణ జరిగెను. అతడు నిర్దోషిగా విడుదల యయ్యెను.

ఆ కాలమంతయు సదర్లండునకు పార్లమెంటులో ప్రతినిధి యుండెను. కాని ఇల్లు కోల్పోయిన వారిలో అతనికి ఓటు వేసినవాడు లేడు. 1826 నుండి 1831 వరకు ఆ స్థానమున నున్నవాడు కౌంటెస్ రెండవ కుమారుడే. తొలగింపులకు పథకము నడిపిన ఎస్టేటు దివాను జేమ్స్ లాక్, 1830 నుండి 1852 వరకు సదర్లండు ముఖ్యపట్టణమైన డార్నక్ మున్నగు ఉత్తరపు పట్టణముల ప్రతినిధిగా కామన్స్ సభలో కూర్చుండెను.

1832 నాటి సంస్కరణ చట్టము స్కాట్లండు ఓటర్ల సంఖ్యను ఆరువది వేలకు పైగా పెంచెను. పట్టణముల మధ్యతరగతివారికి అది మేలు చేసెను. కాని పల్లెసీమలో ఓటునకు పది పౌనుల విలువగల సొంత ఆస్తియైన నుండవలెను, లేదా పెద్ద శిస్తుతో దీర్ఘకాలపు కౌలుపత్రమైన నుండవలెను. క్రాఫ్టర్లు అనబడు చిన్న రైతులకు కౌలుపత్రమే లేదు. యజమాని పొమ్మన్న నాడు పోవలసినవారు. కావున సదర్లండు స్థానము ప్రభు కుటుంబపు చేతి క్రిందనే నిలిచెను. 1852 నుండి 1861 వరకు ప్రభువు వారసుడు, 1867 నుండి 1874 వరకు అతని తమ్ముడు, 1874 నుండి 1886 వరకు కుమారుడు సభ్యులైరి.

1882లో స్కై దీవిలో రైతులకును పోలీసులకును సంఘర్షణ జరుగగా, 1883లో ప్రభుత్వము ఒక విచారణ సంఘమును నియమించెను. దాని అధ్యక్షుడు మన పెద్దల కాలమున ఎరిగిన పేరే: 1866 నుండి 1872 వరకు మద్రాసు గవర్నరుగా నుండిన నేపియర్ ప్రభువు. ఆయన మద్రాసునకు వచ్చిన 1866లోనే, అప్పుడు ఆ రాష్ట్రములో చేరియుండిన గంజాము సీమ క్షామమున చిక్కియుండెను. సంఘములో భూస్వాములే ఎక్కువగా నుండుటచే రైతులు మొదట దానిని నమ్మలేదు. కాని సంఘమువారు ఊరూర కూర్చుండి, గేలిక్ తప్ప మరియొక భాష రాని ముసలివారి వాఙ్మూలములను సైతము ద్విభాషుల మూలమున విని వ్రాసికొనిరి. స్ట్రాత్‌నేవర్ నుండి తరిమివేయబడిన వారి సంతతి నివసించు బెట్టిహిల్‌లోను సాక్ష్యము తీసికొనిరి. డెబ్బది యేండ్ల నాటి దుఃఖము అప్పుడు మొదటిసారి ప్రభుత్వ గ్రంథమున కెక్కెను.

1884 నాటి చట్టము పల్లెలలోని గృహస్థులకు ఓటు నిచ్చెను. 1885 ఎన్నికలలో పొరుగునున్న కైత్‌నెస్‌తో పాటు పలు కౌంటీలలో రైతుల యభ్యర్థులు గెలిచిరి. సదర్లండులో మాత్రము ప్రభువు కుమారుడే మరల నెగ్గెను. తరతరముల భయభక్తులు ఒక్క ఎన్నికతో పోవు గదా! 1886 జూనులో క్రాఫ్టర్ల చట్టము వచ్చెను. భూమినుండి అకారణముగా తొలగింపరాదు, న్యాయమైన శిస్తు నిర్ణయింపవలెను, రైతు చేసిన మేలుబాటులకు పరిహార మీయవలెను అనునవి దాని ముఖ్యాంశములు. పోయిన లోయలను అది తిరిగి యీయలేదు. ఉన్న చెక్కను నిలిపెను. మరుసటి నెలలో జరిగిన ఎన్నికలో, హెల్మ్స్‌డేల్‌లో జన్మించి గ్లాస్గోలో ఉపాధ్యాయుడుగా నుండిన ఆంగస్ సదర్లండు రైతుల ప్రతినిధిగా ఎన్నికయ్యెను. ఇంటిపేరొకటే గాని అతడు ప్రభువంశీయుడు కాడు.

1918లో సదర్లండును కైత్‌నెస్‌తో కలిపి ఒకే నియోజకవర్గ మొనర్చిరి. 1945లో అచ్చట మొదటి, మూడవ యభ్యర్థులకు నడుమ తేడా 61 ఓట్లు మాత్రమే. ఆ మూడవవాడు లిబరల్ పక్ష నాయకుడైన సర్ ఆర్చిబాల్డ్ సింక్లేర్. 1966లో విజేత 64 ఓట్ల ఆధిక్యముతో గెలిచెను. ఒకనాడు ఒక కోటలో నిర్ణయమైన స్థానము, పిదప ఒక చిన్న పల్లె ఓట్లతో తారుమారు కాగలిగెను. 1997 నుండి ఈస్టర్ రాస్ సీమయు అందు చేరినది.

సంఖ్యలో తక్కువవారమై, పలు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన మనవంటివారికి ఈ చరిత్ర దూరదేశపు కథ మాత్రమే కాదు. సభలో మన సీమ పేరిట ఒకరు కూర్చుండుట చాలదు. ఆయనను ఎన్నుకొనువారి పట్టికలో మన పేరుండవలెను, మన గోడు మన భాషలో చెప్పినను వినువారుండవలెను. సదర్లండు రైతులకు మొదటిది 1884లోను, రెండవది 1883లోను లభించెను. అంతకు పూర్వము వారికి ప్రతినిధి లేక కాదు, ప్రాతినిధ్యము లేకనే లోయలు పాడువడెను.