చార్మినార్ కథ, ప్లేగు బాక్టీరియా: పాతబస్తీ చరిత్రలో ఒక పరిశీలన

మహమ్మారి శాంతించినందుకు కృతజ్ఞతగా మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినారును కట్టించాడన్న కథ హైదరాబాదు పాతబస్తీలో బహుళ ప్రచారంలో ఉంది. ఆ మహమ్మారి ప్లేగని కొందరు, కలరా అని మరికొందరు అంటారు. ఈ భేదమే కథను చరిత్రగా స్వీకరించడానికి మొదటి అడ్డంకి. కట్టడపు కాలసూచకంగా చెప్పే పదం 'యా హాఫిజ్', అంటే 'ఓ రక్షకా'. అబ్జద్ లెక్కలో దాని విలువ 1000. హిజ్రీ 1000 అంటే క్రీ.శ. 1591-92. హిజ్రీ సహస్రాబ్దికి స్మారకమన్న వాదానికే ఈ సంఖ్య ఎక్కువ బలమిస్తుంది.

1911లో నగరాన్ని పీడించిన ప్లేగు విషయంలో ఇటువంటి సందేహం లేదు. ఆ బాక్టీరియాను 1894లోనే హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ గుర్తించాడు. అయితే అది దేహాన్ని ఏమార్చే తీరు చాలాకాలం తెలియలేదు. ఎలుకల ఒంటిపై బతికే, రక్తం పీల్చే కీటకంలో ఉన్నప్పుడు దాని పైపొరలోని లైపిడ్-ఏ అణువుకు ఆరు కొవ్వు గొలుసులుంటాయి. మానవదేహపు 37 డిగ్రీల వేడికి అవి ఎక్కువగా నాలుగుకు తగ్గుతాయి. మన రక్షక కణాల మీది టీఎల్ఆర్-4 గ్రాహకం ఆరింటిని చప్పున పసిగడుతుంది, నాలుగింటిని సరిగా గుర్తించలేదు. ఆ వేడిలోనూ ఆరు గొలుసులే నిలిచేలా మార్చిన బాక్టీరియా ఎలుకల్లో తీవ్రతను కోల్పోయిందని 2006లో వెలువడిన పరిశోధన నిరూపించింది. పైగా ఈ బాక్టీరియా సూదివంటి నిర్మాణంతో 'యాప్' ప్రోటీన్లను తెల్లరక్తకణాల్లోకి ఎక్కించి, వాటి మింగే శక్తిని స్తంభింపజేస్తుంది. సాధారణంగా రెండు నుంచి ఎనిమిది రోజులు బయటికి ఏమీ తెలియదు. ఆపై జ్వరం, గజ్జల్లోనో చంకల్లోనో బిళ్ళ కట్టడం.

ప్రజలు రోగాన్ని దాచిపెట్టారన్న ఆరోపణ నాటి భారతదేశపు ప్లేగు నివేదికల్లో తరచు కనిపిస్తుంది. దాచినవారు లేరని కాదు. కాని తొలిరోజుల మౌనంలో కొంత భాగం రోగిది కాదు, బాక్టీరియాది. ఈ అంశాన్ని విస్మరించి ఆ నివేదికలను చదవడం సరికాదు.

దేహపు కాపలా ఇలా వమ్మయ్యే చోట రోగాన్ని ఇంటి బయటే ఆపవలసి ఉంటుంది. 1908 మూసీ వరద, 1911 ప్లేగుల తర్వాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు వాడలను తొలగించి, వీధులను వెడల్పు చేసింది. దీనిని కేవలం నగర సుందరీకరణగా వర్ణించడం అర్ధసత్యమే. ఎలుకలకు నెలవైన ఇరుకే ఆ పనులకు ఒక ముఖ్య లక్ష్యం. చార్మినారుకు కూతవేటు దూరంలోని పత్తర్‌గట్టి రాతి కమానుల అంగళ్ల వరుస ఆ మండలి నిర్మాణమే.