అట్టపెట్టెలో అమ్మ

మా ఇంట్లో ఖాళీ అట్టపెట్టె కనిపిస్తే మావారికి పడదు. "పాత సామాన్లవాడికి వేసెయ్యరాదూ" అంటారు. నేను మాత్రం అటక మీదికి చేరుస్తాను. అట్టపెట్టె విలువ ఆడవాళ్ళకు తెలిసినట్టు మగవాళ్ళకు తెలియదు లెండి. కానీ ఆ విలువ నాకూ పూర్తిగా తెలియదని హాంకాంగ్ వెళ్ళినప్పుడు అర్థమైంది.

ఆ రోజు ఆదివారం. సెంట్రల్ అనే పేటలో, ఆకాశాన్నంటే బ్యాంకు మేడల నీడలో, ఎటు చూసినా ఆడవాళ్ళే. నేల మీద అట్టముక్కలు పరుచుకుని కూర్చున్నారు. కొందరు అన్నం డబ్బాలు విప్పుతున్నారు, కొందరు పేకాడుతున్నారు, ఒకరి జడ ఒకరు వేస్తున్నారు. అచ్చం మన తిరునాళ్ళే! ఎవరు వీళ్ళంతా అంటే, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళన్నారు. ఆ ఊళ్ళో పరాయిదేశపు పనివాళ్ళు మూడు లక్షల పైచిలుకు. అందులో సగానికి పైగా వీళ్ళే. యజమాని ఇంట్లోనే ఉండాలని నిబంధన. వారానికొక్క రోజు సెలవు. ఆ రోజు పోదామంటే సొంత గూడు లేదు కనక వీధే ఇల్లు.

ఒకావిడ పక్కన కూర్చున్నాను. నా వయసే ఉంటుంది. ఊళ్ళో పంతులమ్మట, ఇంగ్లీషు చక్కగా మాట్లాడింది. ఎదుట నడుమెత్తు అట్టపెట్టె. అందులో సబ్బులు, టూత్‌పేస్టులు, తువ్వాళ్ళు, చాక్లెట్లు సర్దుతోంది. సందుల్లో సాక్సులు కూరుతోంది. మా అమ్మ ఆవకాయ జాడీ పంపేటప్పుడు చుట్టూ పాతచీరలు కుక్కినట్టే!

దాన్ని బాలిక్‌బయాన్ పెట్టె అంటారు. బాలిక్ అంటే తిరిగి రావడం. బయాన్ అంటే సొంత ఊరు, దేశం. ఈ మాట వెనక పెద్ద కథే ఉంది.

ఫిలిప్పీన్స్ వాళ్ళు పొట్ట చేతపట్టుకుని పరాయిగడ్డకు పోవడం కొత్త కాదు. అమెరికా ఏలుబడిలో, 1906లో, 15 మంది మగవాళ్ళు హవాయి చెరకుతోటలకు ఓడెక్కారు. వాళ్ళ వెనక వేలమంది వెళ్ళారు. 1972లో మార్కోస్ సైనిక శాసనం పెట్టాడు. మరుసటేడు, విదేశాల్లో స్థిరపడ్డవాళ్ళను చుట్టపుచూపుగా రమ్మని రాయితీలిచ్చి పిలిచాడు. దేశానికి డాలర్లు కావాలి, లోకానికి అంతా సవ్యంగా ఉన్నట్టు కనపడాలి. అలా వచ్చినవాళ్ళకు పెట్టిన పేరే బాలిక్‌బయాన్. విచిత్రం చూడండి! ఆ ప్రభుత్వమే 1974లో కార్మిక చట్టం చేసి, పనివాళ్ళను పైదేశాలకు పంపే వ్యవహారం తన చేతుల్లోకి తీసుకుంది. ఒక చేత్తో రమ్మంది, ఇంకో చేత్తో పొమ్మంది. గల్ఫు కట్టడాల పనికి మగవాళ్ళు పోయారు. ఇంటిపనికీ, నర్సు ఉద్యోగాలకూ ఆడవాళ్ళు పోయారు.

మనిషి రాలేని చోటికి పెట్టె రావడం మొదలైంది. 2015లో సుంకాల శాఖ ఈ పెట్టెలు విప్పి చూస్తామంటే, దేశదేశాల ఫిలిప్పీనోలు భగ్గుమన్నారు. అమ్మ సర్దిన పెట్టెలో పరాయివాడి చెయ్యా? చివరికి అధ్యక్షుడే కల్పించుకుని ఆపించాడు. 2016లో చట్టం మార్చి, లక్షన్నర పెసోల సరుకు దాకా పన్ను లేదన్నారు.

ఆవిడ ఆఖరున ఒక జత బూట్లు తీసింది. మడతపెట్టిన కాగితం విప్పి వాటికి ఆనించి చూసింది. కాగితం మీద పెన్సిలుతో గీసిన చిన్న పాదం!

"మా చిన్నాడు గీసి పంపాడు. అరంగుళం పెద్దవే కొన్నాను. ఓడలో పెట్టె చేరేసరికి నెల దాటుతుంది. కాలు ఆగదు కదా!" అంది నవ్వుతూ.

"మీరెప్పుడు వెళ్తారు?"

"కాంట్రాక్టు రెండేళ్ళు. ఇది నాలుగోది" అంది. నవ్వు లేదు.

గోదావరి జిల్లాల నుంచీ, కడప నుంచీ కువైట్ వెళ్ళిన మన ఆడపడుచులు గుర్తొచ్చారు. వాళ్ళు సెలవుకొస్తే ఏం తెచ్చారో చూడ్డానికి వీధంతా మూగుతాం. ఏం వదులుకున్నారో ఎవరం అడుగుతాం?

ఇంటికొచ్చాక మావారు మళ్ళీ అటక మీది పెట్టెల మీద పడ్డారు. ఒక్కటి ఉండనివ్వండి, హాస్టల్లో అమ్మాయికి జంతికలు పంపాలన్నాను. ఊరుకోలేక, "దాని చెప్పుల సైజెంతో మీకు తెలుసా?" అని అడిగాను.

ఆయన తెల్లమొహం వేశారు. నిజం చెప్పొద్దూ, నాకూ తెలియదు.