నెల్లూరు నుండి నేటాలునకు



ధర్మము చేయుట ధనికుల పనియని మనలో పలువురు తలంతురు. అట్లు తలంచువారు ఈ చరిత్రమును వినవలెను.

1876-78 సంవత్సరముల ఘోర క్షామమున ఒంగోలు ప్రాంతపు బీదలు ఆకలిచే అలమటించిరి. అప్పుడు అమెరికా బాప్తిస్టు మిషనరీయగు క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో కొంత భాగము త్రవ్వించు కంట్రాక్టు తీసికొని, వారికి పనియు కూలియు కల్పించిరి.

ఆ కాలముననే మనవారనేకులు మదరాసు రేవున ఓడలెక్కి, దక్షిణాఫ్రికాలోని నేటాలునకు అయిదేండ్ల ఒడంబడికపై కూలికి పోవుచుండిరి. 1860లో మొదలైన ఈ వలస 1911 వరకు సాగెను. గడువు తీరిన పిదప మరల ఒడంబడికకు లోబడక, స్వదేశమునకును మరలక నిలిచినవారిపై 1895 నాటి చట్టము ఏటేట 3 పౌనుల పన్ను విధించెను. ఆ కష్టములలో తెలుగు క్రైస్తవులకు తమ భాషలో ధైర్యము చెప్పు కాపరి కావలసియుండెను.

ఆ కొరత తీర్ప పూనినది తెలుగు బాప్తిస్టు సంఘముల హోం మిషను సొసైటీయే. అది 1903లో జాన్ రంగయ్యగారిని నెల్లూరు సీమనుండి నేటాలునకు పంపెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే కీర్స్నీ తేయాకు తోటయందు తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడెను. రంగయ్యగారు 1915లో మరణించువరకు ఆ కూలిజనులకై పాటుపడిరి.

కరవునాడు పరుల సాయముచే బ్రతికిన సీమవారే, పాతికేండ్లు గడచునప్పటికి కడలి కావలివారికి సాయమంపిరి. వంటవేళ పిడికెడు బియ్యము దేవుని పనికై తీసియుంచు వాడుక మన తెలుగు సంఘములలో కలదు గదా. ఆ పిడికిటిని చిన్నదని యెంచకుడు.