హ్యామక్‌లో చలి కింది నుంచి వస్తుంది: ఒక ఉయ్యాల చరిత్ర

2023 మార్చి 16న ఫోన్లలో తిరిగిన వీడియోలు గుర్తున్నాయా? వికారాబాద్ జిల్లా మర్పల్లిలో వడగళ్లు పడి రోడ్లు, పొలాలు అన్నీ తెల్లగా అయిపోయినయ్. చూసినోళ్లంతా కాశ్మీర్ అన్నారు. 2016లో జిల్లాలు విడిపోకముందు మర్పల్లి కూడా మా రంగారెడ్డి జిల్లాలోదే. మాది యాచారం, జిల్లాకు ఇంకో మూల. వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నోళ్లకు అది వింత, పంట నేలపాలైన రైతుకు వేరే సంగతి.

అది మంచు కాదు, వడగళ్లే. మన దగ్గర మంచు వానలా కురవదు. పొద్దున మనం 'మంచు పడుతోంది' అనేది పొగమంచు, గడ్డి మీద నీటి బొట్లు. హైదరాబాద్‌లో రికార్డయిన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు. నీళ్లు గడ్డకట్టే చలి కూడా కాదు. అయినా డిసెంబర్‌లో రెండు చెట్ల మధ్య హ్యామక్ కట్టుకుని పడుకున్నవాడు మూడు గంటలకు లేచి కూర్చుంటాడు. పక్కనే టెంట్‌లో, అదే స్లీపింగ్ బ్యాగ్‌లో ఉన్నవాడు మాత్రం గురక పెడుతుంటాడు. పోయిన క్యాంపింగ్ ఎపిసోడ్ కింద ఎక్కువమంది అడిగింది ఇదే. అదే చలి, అదే బ్యాగు, మరి ఈ తేడా ఎక్కడిది?

జవాబు కోసం ఐదొందల ఏళ్లు వెనక్కి పోవాలి.

హ్యామక్ అనే మాట కరీబియన్ దీవుల్లోని టైనో జనం భాష నుంచి వచ్చింది. వాళ్లు 'హమాక' అనేవాళ్లు. 1492 అక్టోబర్‌లో కొలంబస్ బహామా దీవుల్లో దిగినప్పుడు అక్కడి ఇళ్లలో నూలు వలల్లాంటి పడకలు వేలాడటం చూసి తన డైరీలో రాసుకున్నాడు. అక్కడ నేలంతా తేమ, పురుగులు, పాములు. నేలకు దూరంగా ఉండాలి, కింది నుంచి గాలి ఆడాలి, ఒంటికి చల్లగా ఉండాలి. దాని కోసం పుట్టిన వస్తువు ఇది. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి: హ్యామక్ పుట్టిందే మనిషిని చల్లబరచడానికి. దాని పని అది ఈరోజుకీ బాగానే చేస్తోంది. మనమే దాన్ని చలిలోకి తీసుకెళ్లి తిడుతున్నాం.

మరి ఆ దీవుల్లో, పక్క ఖండంలో చలి రాత్రులు ఉండవా అంటే, కొండల దగ్గర ఉంటాయి. గొంజాలో ఫెర్నాండెజ్ దె ఒవియెడో అని ఒక స్పెయిన్ అధికారి అక్కడ చాలా ఏళ్లు పనిచేశాడు. 1526లో అక్కడి ప్రకృతి మీద ఒక పుస్తకం అచ్చు వేయించాడు. అందులో హ్యామక్ ఎలా నేస్తారు, ఎలా కడతారు అని వివరంగా చెప్పి, ఇంకో మాట కూడా రాశాడు. మామూలుగా పైన కప్పుకోవడానికి ఏమీ అక్కర్లేదట. కానీ కొండ పాదం దగ్గర చలిలో పడుకోవాల్సి వస్తే, లేదా మనిషి తడిసి వస్తే, హ్యామక్ కింద నిప్పులు పెట్టుకుంటారట.

పైన దుప్పటి కాదు, కింద నిప్పులు! థర్మోడైనమిక్స్ సబ్జెక్ట్ లేకుండానే వాళ్లకు ప్రాబ్లం ఎక్కడుందో తెలిసిపోయింది. నేను బీటెక్ నాలుగేళ్లు చదివాను, ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు, అది వేరే విషయం.

అయినా మనకిది కొత్త కాదు. మీ నానమ్మనో అమ్మమ్మనో అడగండి. బాలింత పడుకునే నులక మంచం కింద కుంపటి పెట్టేవాళ్లు. నులక మంచం అంటే ఏంటి? నాలుగు కోళ్ల మీద నిలబడ్డ వల. కింది నుంచి గాలి తగులుతుంది, అందుకే ఎండాకాలం వాకిట్లో అంత హాయి, చలికాలం అంత బాధ. చలికాలంలో దాని మీద మందపాటి బొంత పరిచేది ఊరికే మెత్తదనం కోసం కాదు. చీరతో కట్టిన ఉయ్యాలలో పసిబిడ్డ కింద బొంత మడతలు పెట్టేదీ అందుకే.

(ఇక్కడ ఒక హెచ్చరిక. ఇవన్నీ నూలు, నులక రోజుల సంగతులు. ఇప్పటి హ్యామక్‌లు నైలాన్‌వి. కింద నిప్పులు పెడితే కరిగి మీ వీపుకు అంటుకుంటాయి. టెంట్ లోపల కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్‌తో నిద్రలోనే ప్రాణం పోతుంది. దయచేసి చేయొద్దు.)

టైనోల పడకను యూరప్ వాళ్లు తీసుకెళ్లి ఓడల్లో పెట్టారు. ఇంగ్లండ్ నౌకాదళం 1597లో వేలాడే పడకల కోసం కాన్వాస్ కొనడానికి అనుమతి ఇచ్చింది. ఓడ ఊగినా పడక నిలకడగా ఉంటుంది, పగలు చుట్టేస్తే చోటు మిగులుతుంది. ఒక్కో నావికుడికి ఇచ్చే వెడల్పు 14 అంగుళాలు! మన ఆర్టీసీ బస్సులో ముగ్గురి సీటు కూడా అంతకన్నా నయం. అయితే ఇక్కడ గమనించాల్సింది, ఆ నావికులు వట్టి కాన్వాస్ మీద పడుకోలేదు. అందులో ఉన్నితో కూరిన పలచటి పరుపు, దుప్పటి ఉండేవి. వేడి దేశపు పడక చల్లటి సముద్రంలోకి వచ్చేసరికి దానికి అడుగున ఒక పొర చేరింది.

నాకు బాగా నచ్చిన కథ ఇప్పుడు చెప్తా. విలియం ఎడ్వర్డ్ పారీ అని బ్రిటిష్ నౌకాదళ అధికారి. 1819లో రెండు ఓడలతో కెనడా పైన ఆర్కిటిక్ సముద్రంలోకి పోయి, మెల్విల్ దీవి దగ్గర మంచులో ఇరుక్కుని ఒక చలికాలం మొత్తం అక్కడే గడిపాడు. బయట మైనస్ 45 కన్నా కిందికి పోయింది. లోపల ఓడ గోడలకు ఆనించి చెక్కతో కట్టిన పడకలుండేవి. మనుషుల ఊపిరిలోని ఆవిరి ఆ చల్లటి గోడల మీద పట్టి, పరుపుల పక్కనే మంచుగడ్డ కట్టేది. అది కరిగితే పక్కంతా తడి. 1821లో మళ్లీ బయల్దేరినప్పుడు పారీ ఏం చేశాడంటే, కట్టుడు పడకలు తీసేసి ఉయ్యాలలు పెట్టించాడు! గోడకు దూరంగా, చుట్టూ గాలి ఆడేలా. ఓడలో వేడి గాలి తిరిగే పొయ్యి ఏర్పాటు కూడా ఉంది కాబట్టి అది పనికొచ్చింది.

అంటే హ్యామక్ చలిలో ఎప్పుడూ పనికిరాదని కాదు. చుట్టూ తిరిగే గాలి వెచ్చగా ఉంటే అదే గాలి కాపాడుతుంది, చల్లగా ఉంటే అదే గాలి దోచేస్తుంది.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. స్లీపింగ్ బ్యాగ్ తనంతట తాను వేడి పుట్టించదు. లోపలి దూదిలోనో ఈకల్లోనో చిక్కుకున్న కదలని గాలే మన ఒంటి వేడిని ఆపుతుంది. మీరు దాని మీద పడుకోగానే వీపు కింద అదంతా నలిగి అట్టలా అయిపోతుంది. గాలి పోయింది, ఇక మిగిలింది రెండు పొరల గుడ్డ. టెంట్‌లో అయితే దాని కింద మ్యాట్, దాని కింద నేల ఉంటాయి. నేల చల్లగా ఉన్నా కదలదు. హ్యామక్‌లో కింద ఉన్నది కదిలే గాలి. మీ వీపు వేడెక్కించిన గాలిని రాత్రంతా తీసుకుపోతూనే ఉంటుంది. 20 డిగ్రీల దగ్గరే ఇది తెలియడం మొదలవుతుంది. పైన రెండు రగ్గులు కప్పుకున్నా లాభం లేదు, ఎందుకంటే చిల్లు కుండకు అడుగున ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం 1942 మోడల్ జంగిల్ హ్యామక్ చేసింది. దోమతెర, వాన కప్పు, అడుగున రెండు పొరల గుడ్డ. పసిఫిక్ దీవుల అడవుల కోసం చేసింది కాబట్టి చలి వాళ్ల లెక్కలోనే లేదు. అసలు పరిష్కారం 2000 తర్వాత అమెరికాలో అపలాచియన్ ట్రైల్ నడిచేవాళ్ల దగ్గర స్థిరపడింది. దాదాపు 3,500 కిలోమీటర్ల కొండ దారి అది. రాళ్లు, వాలు, తడి నేల ఎక్కువ, చెట్లకు కొదవ లేదు. హ్యామక్‌కు సరిగ్గా సరిపోయే చోటు, చలి తప్ప. వాళ్లు దూదిబొంతను లోపల పరచడం మానేసి, హ్యామక్‌కు బయట, కింది వైపు, వీపుకు ఆనీ ఆననట్టు వేలాడదీశారు. దాన్నే అండర్‌క్విల్ట్ అంటారు. బరువు పడదు కాబట్టి నలగదు, నలగదు కాబట్టి గాలి పోదు. టైనోల నిప్పులున్న చోటికే బొంత వచ్చింది.

ఆ దారిలోనే స్మోకీ మౌంటెన్స్ ఉన్నాయి. అట్లాంటా, షార్లెట్‌లలో ఉన్న మనవాళ్లు వీకెండ్ వస్తే ఎక్కే కొండలు. 2012 అక్టోబర్ చివర్లో శాండీ తుఫాను వచ్చినప్పుడు, ఆకులు రంగు మారే ఆ సీజన్‌లో, పై ఎత్తుల్లో రెండడుగులకు పైగా మంచు పడింది. ఇరుక్కుపోయిన ట్రెక్కర్‌ను హెలికాప్టర్‌తో దించాల్సి వచ్చింది. అక్టోబర్ అని అందరికీ తెలుసు, మంచుకు తెలియదు కదా.

అండర్‌క్విల్ట్ ధర చూసి మనం నోరెళ్లబెట్టేలోపు మన దగ్గర ఉన్నదాన్ని ఒకసారి చూడండి. గొంగడి! దక్కనీ గొర్రె నల్ల ఉన్నిని వడికి, మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి కురుమలు చేసే కంబళి. మా వైపు గొర్రెల మందలను ఎరువు కోసం కోసిన పొలాల్లో కట్టేవాళ్లు. కాపరి కూడా రాత్రి అక్కడే, బయటే. డిసెంబర్ రాత్రి అతనికి టెంటు లేదు, గొంగడి ఒక్కటే. సగం కింద, సగం పైన. వానొస్తే అదే నెత్తిన కొప్పెర. ఉన్ని దారం ముడుచుకుని ఉంటుంది కాబట్టి ఈకల్లా పూర్తిగా నలగదు, కొంచెం తడిసినా వెచ్చదనం మొత్తం పోదు. ఇప్పుడు ఊళ్లలో మాంసం కోసం ఉన్ని లేని జాతి గొర్రెలనే ఎక్కువగా పెంచుతున్నారు. ఉన్నీ తగ్గింది, నేసేవాళ్లూ తగ్గారు. చరిత్ర వీడియోల్లో రాజుల కోటలకు ఇచ్చే టైమ్‌లో పదో వంతు కూడా మనం దీనికి ఇవ్వలేదని నాకు అనిపిస్తుంది.

పోయిన జనవరిలో మామిడి తోటలో రెండు రాత్రులు పరీక్ష పెట్టాను. మొదటి రాత్రి వట్టి హ్యామక్, స్లీపింగ్ బ్యాగ్. రెండో రాత్రి అదే సెటప్, కానీ గొంగడి నాలుగు మూలలకూ తాళ్లు కట్టి హ్యామక్ కింద వేలాడదీశాను. మొదటి రాత్రి రెండున్నరకు నడుము గడ్డకట్టినట్టయి లేచాను, రెండో రాత్రి తోటకు వచ్చిన మా బాబాయి లేపేదాకా లేవలేదు. "అరే, గొంగడిని కిందికి కట్టినవేందిరా, అది కప్పుకునేది" అన్నాడు. బరువు ఎక్కువే, ట్రెక్‌కు మోసుకుపోలేరు. బండి మీద పోయే క్యాంపుకు బాగుంటుంది.

ఇక లంబసింగి. చింతపల్లి దగ్గర, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. దాని ఇంకో పేరు కొర్రబయలు. బయట పడుకున్నవాడు పొద్దునకు కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందని అక్కడ చెప్తారు. పేరులోనే వార్నింగ్ ఉంది! మబ్బు లేని రాత్రి నేల వేడంతా ఆకాశంలోకి పోతుంది, చల్లబడ్డ గాలి బరువెక్కి నీళ్లలా పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది. అందుకే లోయ అడుగున, వాగు పక్కన హ్యామక్ కట్టకండి. కొంచెం పైన, గాలి తగలని వాలు మీద కట్టండి.

హిమాలయాలకు మాత్రం హ్యామక్ సంగతి మర్చిపోండి. పైకి పోతే కట్టడానికి చెట్టే ఉండదు. అక్కడ అనుకోని మంచు ఎలా ఉంటుందో 2024 జూన్ మొదటి వారంలో చూశాం. ఉత్తరాఖండ్ సహస్రతాల్ ట్రెక్‌లో గైడ్లతో కలిపి 22 మంది, ఎక్కువమంది కర్ణాటక వాళ్లు. ఇక్కడ మనకు ఎండలు మండుతున్న నెలలో అక్కడ మంచు తుఫాను పట్టుకుంది, 9 మంది చనిపోయారు. మన నెల్లూరు మల్లి మస్తాన్ బాబు, ఏడు ఖండాల శిఖరాలను 2006లో 172 రోజుల్లో ఎక్కినవాడు, ఒకప్పుడు మాలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2015 మార్చిలో ఆండీస్‌లో ఒంటరిగా పైకి పోయి తిరిగి రాలేదు, ఏప్రిల్‌లో ఆయన దేహం దొరికింది. అంత అనుభవం ఉన్న మనిషి.

కాబట్టి మొదటి హ్యామక్ రాత్రి మీ ఊరి తోటలో పెట్టుకోండి, ఇల్లు పిలిస్తే పలికే దూరంలో ఉండాలి. నైలాన్ కింద ఒక పొర కట్టండి, పొడి సాక్సులు విడిగా దాచుకోండి, చలికి మేలుకుంటే పట్టుదలకు పోకుండా ఇంట్లోకి నడవండి.

డోలీ గురించి చేయమని కొందరు అడిగారు. అదీ గుడ్డా కర్రా కట్టిన ఉయ్యాలే, కానీ ఏజెన్సీ ఊళ్లలో అందులో పడుకునేది సరదాకు కాదు, ఆస్పత్రికి రోడ్డు లేక. దానికి ఒక పూర్తి ఎపిసోడ్ కావాలి, వచ్చే వారం చేద్దాం.