డిమెన్షియా సంరక్షణ నిపుణులు
జ్ఞాపకశక్తి, ఆలోచన, మాట క్రమంగా దెబ్బతిని రోజువారీ పనులు కూడా చేసుకోలేని స్థితి డిమెన్షియా. 2023లో వెలువడిన జాతీయ అంచనా ప్రకారం దేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మందికి ఇది ఉంది. రోగి భాషకూ బతుకుకూ తగిన పరీక్ష లేనిదే మంచి సంరక్షణ మొదలుకాదు. అప్పట్లో హైదరాబాదు నిమ్స్‌లో పనిచేసిన నాడీవైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం జ్ఞాపకశక్తినీ ఆలోచననూ కొలిచే అడెన్‌బ్రూక్స్ పరీక్షను తెలుగుకు అనువుగా మలిచింది. 648 మంది రోగులపై ఆమె బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సుమారు 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది; చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది.

తెలుగు, ఒడియా కలగలిసి వినిపించే శ్రీకాకుళం జిల్లా నౌపడ, టెక్కలి, పలాస ప్రాంతానికి ఇలా రోగికి తగిన పరీక్ష ముఖ్యమైన విషయం. ఉప్పుమడుల్లో పనిచేసి బడిముఖం చూడని వృద్ధురాలిని వందలోంచి ఏడేసి తీసేయమంటే బయటపడేది చదువు లేమి మాత్రమే. సంతలో చిల్లర లెక్క, కూర వండే వరస అడిగితే మతి సంగతి తెలుస్తుంది. నయంకాని జబ్బును ముందే పట్టుకుని లాభమేమిటని కొందరంటారు. అయితే మతి తడబాటంతా డిమెన్షియా కాదు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఇదే జిల్లాలోని ఉద్దానంలో రక్తంలో వ్యర్థాలు పేరుకోవడం వల్లా, ఎక్కడైనా బి12 లోపం, థైరాయిడ్ మందగించడం వల్లా అది రావచ్చు. వీటికి చికిత్స ఉంది. అందుకే నాడీవైద్యుడు దూరమైనచోట, వయసు మీదపడిందని వదిలేయకుండా ఆస్పత్రికి పంపే, ఇంటివారికి ఓర్పుగా చూసుకునే తీరు నేర్పే ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం కూడా ఈ నిపుణుల వరసలోనివారే.