రెండు భాషల దేవదాసు

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసమంటే రాయలవారి కాలంతోనో, హంపీ శిథిలాలతోనో ఆరంభించడం మనలో వాడుక. ఈసారి మేము ఒక సినిమా కథ ఎత్తుకొంటున్నాము. అందులోనూ అది తమిళ చిత్రం. పెద్దలు మన్నింతురు గాక. ఆ చిత్రం పేరు ‘దేవదాస్’. మనమంతా ఎరిగిన తెలుగు ‘దేవదాసు’కు అది తోబుట్టువు. తెలుగు చిత్రం 1953 జూన్ 26వ తేదీన విడుదలయింది. తమిళ చిత్రం అదే సంవత్సరం సెప్టెంబరులో వచ్చింది. ఆ మరుమాసం మొదటి తేదీననే మన బళ్ళారి జిల్లా రెండు ముక్కలయింది.

ఆనాటి సంగతులు పిల్లలకు తెలియకపోవచ్చును. 1953 సెప్టెంబరు ఆఖరువరకు హచ్చొళ్ళి ఉన్న సిరుగుప్ప తాలూకా మద్రాసు రాష్ట్రంలోనిదే. పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణ తరువాత ఆంధ్రరాష్ట్రం ఏర్పడుతుండగా ఆదవాని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి. సిరుగుప్పతోబాటు తక్కిన తాలూకాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. బళ్ళారి తాలూకా విషయమై మిశ్రాగారి విచారణ కూడా జరిగింది. ఆదవానిలో పిల్లనిచ్చి సిరుగుప్పలో పిల్లను తెచ్చుకొన్న ఇండ్లవారికి ఒక్క రాత్రిలో వియ్యంకులు పరరాష్ట్రం వారయ్యారు. అక్కడ మద్రాసు నగరంలోనూ తగవే. ‘మద్రాసు మనదే’ అని ఒక పక్షం, కాదని మరొక పక్షం.

సరిగా ఆ రోజులలోనే, ఆ మద్రాసులోనే, రెండు పక్షాలవారూ ఒకే కప్పు క్రింద కూర్చుండి ఒకే కథను రెండు భాషలలో చిత్రించారు. వినోదా పిక్చర్సు అధిపతి డి. ఎల్. నారాయణగారు నిర్మాత. దర్శకులు కూచిపూడి నాట్యంలో పుట్టి పెరిగిన వేదాంతం రాఘవయ్యగారు. కథ వంగదేశపు శరత్‌బాబుది. 1917లో అచ్చయిన నవల. దీనిని 1935లో బరువాగారు బెంగాలీలో తీశారు, మరుసటి ఏడు సైగల్ నాయకుడుగా హిందీలో వచ్చింది. 1937లో తమిళంలోనే ఒక ‘దేవదాస్’ వెలువడినది గాని దానిని నేడు తలచేవారు లేరు. పార్వతిగా సావిత్రిగారు, దేవదాసుగా నాగేశ్వరరావుగారు రెండు భాషలలోనూ నటించారు. చంద్రముఖి పాత్ర తిరువాన్కూరు లలితగారిది. ఛాయాగ్రాహకులు బి. ఎస్. రంగాగారు కన్నడిగులు. మన ఊళ్ళవారు ఈ పేరు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే 1964లో ‘అమరశిల్పి జక్కన్న’ను కన్నడంలోనూ తెలుగులోనూ రంగులలో తీసినవారు ఈయనే.

ఇక సంగీతం. మనలో చాలమంది దేవదాసు పాటలు ఘంటసాలవారే స్వరపరచారనుకొంటారు. ఆ గొంతు ఆ పాటలను అంతగా ఆక్రమించుకొన్నది, పైగా ‘పాతాళభైరవి’కి ఆయనే సంగీతదర్శకులు. కాని ‘దేవదాసు’ బాణీలు తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన సి. ఆర్. సుబ్బరామన్‌గారివి. గ్రామఫోను కంపెనీలో హార్మోనియం వాయిస్తూ పైకి వచ్చిన మనిషి. ‘రత్నమాల’, ‘లైలామజ్ను’ ఆయన చేసినవే. ఘంటసాలవారు తొలినాళ్ళలో ఆయన దగ్గర సహాయకులుగా పనిచేశారు. మాతృభాష తమిళమైన ఈయన తెలుగువారి చెవికి ఇంత దగ్గరగా ఎలా వచ్చారో మాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1952 జూన్‌లో, నిండా ముప్పై ఏండ్లు రాకుండానే ఆయన పోయారు. తన బాణీలను వెండితెరమీద వినలేదు. మిగిలిన పనిని ఆయన వాద్యబృందంలోని విశ్వనాథన్‌గారు, రామమూర్తిగారు పూర్తిచేశారు. ఒకరిది హార్మోనియం, ఒకరిది ఫిడేలు. ఆ విశ్వనాథన్‌గారు పాలక్కాడు మలయాళీ! ఆ జంట తరువాత తమిళ చిత్రసీమను ఎట్లా ఏలినదో వేరే చెప్పనక్కరలేదు.

తెలుగు పాటలు సముద్రాల రాఘవాచార్యులవారివి. తమిళంలో ఉడుమలై నారాయణ కవి మొదలైనవారు వ్రాశారు. ఒకే బాణీకి రెండు భాషలలో మాట అమర్చడం వినడానికి సులువు, చేయడానికి కష్టం. మన మాట అచ్చుతో ముగుస్తుంది. పాట చివర స్వరం సాగదీయవలసి వస్తే గాయకునికి ‘ఆ’ అనో ‘ఈ’ అనో నోరు తెరిచి నిలబడటానికి చోటుంటుంది. తమిళంలో అనేక పదాలు ‘మ్’, ‘న్’, ‘ళ్’ వంటి హల్లులతో ముగుస్తాయి. అక్కడ స్వరం పెదవుల దగ్గర మూసుకుపోతుంది. కాబట్టి తమిళ కవి సాగే చోట సాగే పదాన్ని వెదకి పెట్టాలి, అర్థమూ చెడకూడదు. రెండు పాటలూ వెంటవెంట విన్నవారికి ఈ పనితనం తెలుస్తుంది. ఘంటసాలవారు రెండింటిలోనూ పాడారు. తమిళంలో ఆయన ఉచ్చారణకు కొంచెం తెలుగు వాసన ఉన్నట్లు మా చెవికి తోస్తుంది. అయినా త్రాగి తూలే మనిషి పాటలో ఆ కొంచెం తడబాటు అందాన్నే ఇచ్చింది. నాగేశ్వరరావుగారు మత్తు దృశ్యాలను రాత్రివేళ కడుపునిండా భోంచేసి నిద్రమొగంతో నటించారట.

తెలుగు చిత్రంలో బాలసరస్వతీదేవిగారు పాడిన క్షేత్రయ్య పదం ఒకటి ఉన్నది. క్షేత్రయ్య మన మొవ్వ వాడు. ఆయన పదాలను పోగొట్టుకోకుండా దాచినవారిలో మద్రాసు వీణ ధనమ్మాళ్ కుటుంబం ముఖ్యమైనది. వారిది తమిళుల ఇల్లు. ఎవరి సొత్తు ఎవరింట నిలిచిందో చూడండి.

పల్లెలకు సినిమా టూరింగు టాకీసు డేరాలలో వచ్చే కాలం అది. అదే 1953లో తుంగభద్ర ఆనకట్ట నీరు కాలువలకెక్కింది. తరువాతి సంవత్సరాలలో కోస్తా జిల్లాల నుండి మన కుటుంబాలు వరిసాగుకు వచ్చి ఈ చుట్టుపక్కల క్యాంపులు వేసుకొన్నాయి. మూటముల్లెలతోబాటు ఈ పాటలనూ తెచ్చుకొన్నాయి. ఇప్పుడు మన పిల్లలు కన్నడ బడిలో చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడుతారు, వ్రాయడం మాత్రం కొందరికే వచ్చు. పాట వచ్చి అక్షరం రాకపోతే ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది మా బెంగ. దీనికి మా దగ్గర మందు లేదు. ఇంటికొక తెలుగు వాచకం ఉండాలని మాత్రం అడుగుతున్నాము.

రెండు భాషలలో ఒకేసారి తీసే పద్ధతి ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ వరకు జోరుగా నడిచి, తరువాత పలుచబడింది. కాని 1978లో ఒక వింత జరిగింది. తమిళుడైన బాలచందర్ ‘మరోచరిత్ర’ అనే ప్రేమకథను తెలుగులో తీయగా, మద్రాసులోని తమిళ ప్రేక్షకులు దానిని అనువాదం లేకుండా తెలుగులోనే ఏడాదికి పైగా చూశారు. దానికి సంగీతం కూర్చినవారు, నాడు సుబ్బరామన్ బృందంలో హార్మోనియం వాయించిన ఆ విశ్వనాథన్‌గారే.