మెఱుపునకు లెక్క కట్టిన చరిత్రము

మెఱుపునకు అమరకోశమున గల పేళ్లలో క్షణప్రభ యనునది యొకటి. క్షణమాత్రము వెలుగునది యని యర్థము. ఆ క్షణ మెంతటిదో కొలుచుటకు పూర్వులకు సాధనము లేకుండెను. ఇరువదవ శతాబ్దమున సాధన మేర్పడి, దానిని తీరా కొలిచినపుడు, అంతవఱకు నిర్దుష్టమని యందఱు నమ్మిన యొక సిద్ధాంతము చిక్కున బడెను. వాయువులయందును ద్రవములయందును విద్యుత్తు ఏ రీతిగా భేదించుకొని పోవునో గణితముచేత ముందుగా చెప్పవలెనను ప్రయత్నమునకు గల చరిత్రలో ముఖ్యఘట్టము ఆ క్షణమును గూర్చిన తగవే.

1675లో పారిస్ నగరమున ఝా పికార్ అను ఖగోళజ్ఞుడు చీకటిలో తన భారమితిని మోసికొని పోవుచుండగా, పాదరసము కదలినపుడెల్ల దానిపై నున్న ఖాళీ స్థలమున మసక వెలుగు కనబడెను. ముప్పదియేండ్ల తరువాత లండనులో ఫ్రాన్సిస్ హాక్స్‌బీ గాజుగోళములోని గాలిని తీసివైచి, గోళమును త్రిప్పుచు చేతితో రాచి, అక్షరములు కనబడునంతటి వెలుగును పుట్టించెను. పల్చని గాలిలో విద్యుత్తు వెలుగుగా మాఱునని అది మొదటి సాక్ష్యము. ఆ వెలుగునకును ఆకాశమందలి మెఱుపునకును చుట్టరికము కలదని స్థిరపడినది మాత్రము 1752లో. ఫ్రాంక్లిను సూచించిన పద్ధతిని దాలిబార్ అను ఫ్రెంచివాడు మార్లీ గ్రామమున ఆచరణలో పెట్టగా, ఆ యేడు మే 10వ తేదీని ఇనుపకడ్డినుండి నిప్పురవ్వలు రాలెను.

అప్పటికి మెఱుపును చూచుటయే జరిగెను గాని కొలుచుట లేదు. ఆ కొలుచుటకు పూనుకొన్నవాడు సెయింటు పీటర్స్‌బర్గు విద్వత్పరిషత్తునందలి గేయార్గ్ రిక్మన్. ఇంటికప్పు మీది కడ్డినుండి తీగెను గదిలోనికి దింపి, దాని కొస నొక దారమును కట్టి, దారము లేచిన కోణమును గీతలు గల పలకపై చదువునట్లు యంత్రము నమర్చెను. విద్యుత్తుకు తూనిక కల్పింపవలెనని ఆయన సంకల్పము. 1753 ఆగస్టు 6వ తేదీని ఉఱుము వినబడగానే, ఆ దృశ్యమును చిత్రించుటకై సొకొలొవ్ అను శిల్పిని వెంటబెట్టుకొని యింటికి పరుగెత్తెను. కడ్డికిని భూమికిని సంబంధము లేదు. నీలపు నిప్పుముద్ద యొకటి యంత్రమునుండి యెగసి ఆయన నొసట తగిలెను. రిక్మన్ అక్కడనే మరణించెను, శిల్పి పడిపోయి బ్రదికెను. మిత్రుడైన లొమొనోసొవ్ ఆ విధవకు భరణ మిప్పింపుడని అధికారులను వేడుకొని, ఈ మరణమును శాస్త్రమునకు విరోధముగా చెప్పుకొనరాదని వ్రాసెను. కొలత కొఱకు ప్రాణము విడిచిన ఆ పండితుని పేరు ఫ్రాంక్లిను పేరువలె వ్యాప్తి చెందకపోవుట న్యాయము కాదు.

పందొమ్మిదవ శతాబ్దమున మెఱుపు గాజుగొట్టములోనికి దిగెను. 1838లో ఫారడే ఆ వెలుగునడుమ నొక చీకటిపట్టె యుండుట గుర్తించెను. 1857లో బాన్ నగరపు గాజుపనివాడు గైస్లర్ చక్కని గొట్టములను చేసి విద్వాంసుల కందించెను. ఆయన వాయునిష్కాసన యంత్రమే లేనిచో తరువాతి పరిశోధన మెంతకాలము నిలిచిపోయెడిదో! 1897లో థామ్సను ఎలక్ట్రానును నిరూపించినదియు ఇట్టి గొట్టముతోడనే.

గణితమునకు తొలిమెట్టు వేసినవాడు పాషెన్. వాయువు విద్యుత్తునకు లొంగిపోవుటకు కావలసిన వోల్టేజి, వాయుపీడనమును లోహపు పలకల నడిమి దూరముచేత గుణించిన లబ్ధముపై నాధారపడునని 1889లో ఆయన చూపెను. ఇందొక వింత గలదు. పలకలను దగ్గఱకు జరుపుకొలది పని సులభమగునని లోకులు తలంతురు. కొంతదూరము వఱకే అది నిజము. అంతకంటె దగ్గఱయైనచో మరల కష్టమగును. గాలికి ఆ కనిష్ఠము సుమారు 330 వోల్టులు. అంతకు తక్కువయైనచో పలకల నెంత సర్దినను రవ్వ పుట్టదు.

ఇందులకు కారణమును ఆక్సుఫర్డు ఆచార్యుడు జాన్ టౌన్‌సెండు 1900 ప్రాంతమున చెప్పెను. వాయువులో నొక ఎలక్ట్రాను విద్యుద్బలముచేత వేగము పుంజుకొని అణువును తాకి మఱియొక ఎలక్ట్రానును వెడలించును. ఒకటి రెండగును, రెండు నాలుగగును. చదరంగపు గళ్లలో గింజలు వేయించుకొన్న కథ యెఱిగినవారికి ఇది క్రొత్త కాదు. పదిమార్లు రెట్టించిన 1,024, ఇరువదిమార్లు రెట్టించిన పదిలక్షలు దాటును. పలకలు మిక్కిలి దగ్గఱైనపుడు ఎలక్ట్రానునకు అణువులను తాకు తావు చాలదు. అదియే పాషెన్ వింతకు మూలము. ఐతే ఎలక్ట్రానుల వెల్లువ ధనధ్రువమును చేరినంతనే ముగియును గదా, ప్రవాహ మెట్లు నిలుచును? వెనుక మిగిలిన ధనఅయానులు నెమ్మదిగా ఋణధ్రువమును చేరి, తాకి, క్రొత్త ఎలక్ట్రానులను రాల్చుననియు, ఒక వెల్లువ తనకు మొదలైన యొక్క ఎలక్ట్రానును తిరిగి సంపాదించి పెట్టినచో విద్యుత్తు తన కాళ్లపై తాను నిలుచుననియు టౌన్‌సెండు నిర్ణయించెను. మదుపు తిరిగి వచ్చిన వర్తకము నిలుచును, రానిది మూతబడును. పల్చని వాయువులో ఈ లెక్క పైసతో సహా సరిపోయెను.

తగవు పుట్టినది ఇచటనే. సాధారణ పీడనము గల గాలి సెంటీమీటరునకు సుమారు 30,000 వోల్టులకు లొంగును. ఆ బలముక్రింద అయాను ఒక సెంటీమీటరు నడచుటకు సెకనులో ఏబదివేలవ వంతు పట్టును. ఎలక్ట్రానునకు కోటవ వంతు చాలును. వేగముగల యంత్రములతో 1920ల తరువాత కొలిచి చూడగా, హెచ్చు వోల్టేజి నొక్కపెట్టున ప్రయోగించినపుడు రవ్వ కోటవ వంతు సెకనుమేరలోనే పూర్తియగుచుండెను. అయాను ఇంకను బయలుదేఱిన చోటనే యున్నది, కార్యము ముగిసినది. పద్దు వ్రాయకమునుపే పైకము చెల్లిపోయిన ఖాతావంటి దిది. క్షణప్రభలోని క్షణము సిద్ధాంతమునకు చాలినంత పొడవుగా లేదు.

జర్మనీలో రేథర్ మేఘపేటికయందు ఎలక్ట్రాను వెల్లువలను నీటితుంపరలుగా మార్చి ఛాయాచిత్రములు తీసెను. అమెరికాలో బర్క్‌లీయందు లోబ్, మీక్ అనువారు 1940లో తమ విచారణను ప్రకటించిరి. ఇరుపక్షములవారు చేరినది ఒక్క నిర్ణయమునకే. వెల్లువలో ఎలక్ట్రానులు దాదాపు పదికోట్లకు పెరుగునప్పటికి, వాటి సొంత విద్యుద్బలము వెలుపలి బలముతో సమమగును. అటుపై అది పలకల యాజ్ఞకు లోబడదు. తాను వెడలించిన కాంతిచేత ముందుగల గాలిలో పిల్లవెల్లువలను పుట్టించి, వాటిని మ్రింగుచు సెకనునకు వెయ్యి కిలోమీటర్ల వేగముతో సన్నని ధారగా దూసికొని పోవును. కాంతికి ఋణధ్రువము చేరువఱకు ఆగవలసిన పని లేదు గావున కాలపు చిక్కు వీడెను. దీనితో టౌన్‌సెండు ఓడెనని కొందఱు వ్రాసిరి, అది తొందరపాటు. తక్కువ పీడనమున, కొద్దిదూరమున ఆయన లెక్క నేటికిని చెల్లుచున్నది. ఒకటి కొలనునకు, ఒకటి వరదకు చెప్పిన మాట.

ఈ నడుమనే మన దేశమునుండి యొక సమీకరణము వెలువడెను. 1920లో మేఘనాథ సాహా, ఉష్ణముచేత వాయువులో నెన్ని అణువులు అయానులుగా చీలునో గణించి నక్షత్రముల వర్ణపటములకు అర్థము చెప్పెను. 1928లో అమెరికావాడు లాంగ్మ్యూర్ ఇట్టి అయానులు, ఎలక్ట్రానులు కలిసిన వాయువునకు ప్లాస్మా యని పేరిడెను. కాని సాహా సూత్రము ఎలక్ట్రానులును అణువులును సమానోష్ణములో నున్నచోటనే వర్తించును. గ్రంథాలయములలో వెలుగు ట్యూబులైటును చేతితో తాకవచ్చును. లోని ఎలక్ట్రానులకు మాత్రము పదివేల డిగ్రీలు. ఒకే గొట్టములో వేసవియు మాఘమును! అట్టిచోట ఎలక్ట్రానుల వేగములను బోల్ట్జ్‌మన్ 1872లో వ్రాసిన సమీకరణముతో విడిగా గణింపవలసి వచ్చును.

ఆ గణనము చేతితో అయ్యెడిది కాదు. గణకయంత్రములు వచ్చిన పిమ్మట రెండు మార్గము లేర్పడెను. ఒకటి జమాబందివంటిది: స్థలమును చిన్న గళ్లుగా భాగించి, ప్రతి గడిలో వచ్చిన ఎలక్ట్రానులెన్ని, పోయినవెన్ని, పుట్టినవెన్ని, చచ్చినవెన్ని యని నిలువ తేల్చుట. రెండవది రైతువారీ విచారణవంటిది: ఒక్కొక్క కణమును వెంబడించి, అది దేనిని తాకునో పాచికవైచి నిర్ణయించుట. మొదటిది త్వరగా ముగియును గాని ధార కొసన కణములు తక్కువైనచోట తప్పును. రెండవది నిజమునకు దగ్గఱ గాని యంత్రమునకు మోయరాని బరువు. 1987లో ధాలీ, విలియమ్స్ అనువారు మొదటి మార్గముననే నత్రజనిలో ధార పాఱుటను గణించి చూపిరి.

కొమ్మలుగా చీలుట వేఱొక చిక్కు. 1777లో గటింగెను పట్టణమున లిక్టెన్‌బెర్గ్, విద్యుత్తు తాకిన పలకపై ధూళి చల్లగా చెట్టుకొమ్మలవంటి రేఖలు తేలెను. రెండువందలయేండ్ల తరువాత, 1984లో నీమేయర్, పియెత్రొనేరో, వీస్మన్ అనువారు, కొన యెచట బలము హెచ్చో అచటికి సాగు అవకాశము హెచ్చని మాత్రమే నియమము పెట్టి చీటీలు వేసినట్లు గణింపగా, యంత్రముపై అవే కొమ్మలు మొలచెను. కారణము తెలియకయే రూపము తెలియుట చిన్న విషయము కాదు.

ద్రవముల విషయమున నిట్టి నిశ్చయ మింకను లేదు. నీరు గాలికంటె ఎనిమిదివందల రెట్లు బరువు. అందు ఎలక్ట్రాను వేగము పుంజుకొనకమునుపే అణువులు అడ్డుపడును. కావున ముందుగా చిన్న బుడగ యేర్పడి, దానిలోపల గాలిలోవలెనే వెల్లువ పుట్టునని యొక పక్షము. బుడగతో పనిలేదు, ద్రవమునందే అణువులు చీలునని మఱియొక పక్షము. గణనములు రెంటిని సమర్థించుచున్నవి. ట్రాన్స్‌ఫార్మరు నూనె యెప్పుడు విఱుగునో ముందు చెప్పుట ఈ తగవుపై నాధారపడి యున్నది. వైద్యులు మాత్రము తీర్పునకై కూర్చుండలేదు. 1980 ఫిబ్రవరిలో మ్యూనిక్ నగరమున నీటితొట్టిలో రవ్వ నొకదానిని మఱలమఱల పుట్టించి, ఆ యదటున వెడలిన అలచేత రోగి మూత్రపిండములోని రాతిని శస్త్రము లేకయే పిండి చేసిరి.